టీవీ ఇంటిల్లిపాదిదీ, ఓటీపీ ఒక్కరిదీ

"ఇంకా కేబుల్ ఎందుకు, తీయించెయ్యి. ఫైబర్ పెట్టిస్తే అన్నీ నెట్‌లోనే వస్తాయి." ఈ మధ్య మా చుట్టాల్లో ఈ సలహా ఇవ్వనివాళ్ళు లేరు. ఇచ్చేవాళ్ళు దాదాపు అందరూ నలభై లోపువాళ్ళు, ఫోను చెయ్యి వదలనివాళ్ళు. ఆ సలహా ప్రకారం మారిపోయిన టీవీ ముందు రోజూ కూర్చునేది మాత్రం వాళ్ళ అమ్మానాన్నలు. నేను ఈ సలహాను ఒప్పుకోను. టీవీకి నెట్ ఉండాలి. నేను రోజూ చూసేది అలాగే. కానీ పెద్దవాళ్ళున్న ఇంట్లో కేబుల్ తీగ కత్తిరించేసి, ఇంటి టీవీని ఎక్కడో ఊళ్ళో ఉన్న ఒక్కరి ఫోను నంబరుకు కట్టేయడం అన్యాయం అంటాను.

మా అమ్మానాన్నలు తణుకు దగ్గర ఒక పల్లెలో ఉంటారు, నేను హైదరాబాదులో. సాయంత్రం దీపం పెట్టాక అమ్మకు టీవీ. స్టార్ మాలో ఒక సీరియల్, అందులో ప్రకటనలొస్తే జీ తెలుగు, అక్కడా ప్రకటనలే అయితే జెమిని. తొమ్మిదింటికి రిమోటు నాన్న చేతికి వెళ్తుంది, ఈటీవీలో వార్తలు. ఇదంతా నాలుగు నంబర్ల మీద నడిచిపోతుంది. అమ్మ రిమోటు వంక చూడదు కూడా, ఏ నంబరు ఎక్కడుందో ఆవిడ బొటనవేలికి తెలుసు.

ఇదే సాయంత్రాన్ని నెట్‌లోకి మార్చి చూడండి. స్టార్ మా సీరియల్ జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగుది జీ5లో, జెమినిది సన్ నెక్స్ట్‌లో, ఈటీవీది ఈటీవీ విన్‌లో. నాలుగు యాప్‌లు, ఒక్కో దానికి ఒక్కో చందా, ఒక్కో లాగిన్. ఒక బొత్తంతో పక్క ఛానలుకు వెళ్ళే పని ఇప్పుడు ఇలా ఉంటుంది: వెనక్కి రావాలి, హోమ్ నొక్కాలి, బాణం గుర్తుతో ఒక్కో బొమ్మా దాటుకుంటూ పక్కకు జరగాలి, యాప్ తెరుచుకునేదాకా ఆగాలి, చూస్తున్నది ఎవరని అడిగితే పేరు ఎంచుకోవాలి, అప్పుడు వెతుక్కోవాలి. అన్నీ నెట్‌లో వస్తాయన్న మాట నిజమే. ఎన్నిచోట్ల, ఎన్ని చందాల కింద, ఎన్ని మెట్లెక్కితే వస్తాయన్నది ఆ సలహా ఇచ్చినవాళ్ళు చెప్పరు, ఎందుకంటే వాళ్ళెవరూ ఆ నాలుగు ఛానళ్ళను ఒకే సాయంత్రం చూసేవాళ్ళు కాదు.

మన ఇళ్ళలో టీవీ కష్టం ఒక్కసారిగా పెరగలేదు. మొదట్లో కేబుల్ తీగ నేరుగా టీవీలోకే వచ్చేది, ఒకటే రిమోటు. తర్వాత డిజిటలైజేషన్ వచ్చింది. హైదరాబాదు, విశాఖపట్నం 2013 మార్చి ఆఖరుకల్లా మారాలన్నారు, పల్లెలకు గడువు 2017 మార్చిదాకా పోయింది. సెట్‌టాప్ బాక్సుతో రెండో రిమోటు చేరింది, టీవీ ఆన్ చేయడానికొకటి, ఛానల్ మార్చడానికొకటి. 2019 ఫిబ్రవరిలో టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ అమల్లోకి వచ్చినప్పుడు ఏ ఛానలు కావాలో జాబితా రాసిమ్మన్నారు, ఆ నెలంతా ఊరూరా గందరగోళమే. అయినా ఆ మార్పులన్నిట్లోనూ అమ్మకు ఒకటి మిగిలింది. నంబరు. బాక్సు మారినప్పుడు నంబర్లు మారాయి, ఆవిడ ఒక కాగితం మీద రాసుకుని వారం తిరక్కుండా కంఠతా పట్టింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ నంబరుకు చట్టపరమైన రక్షణ ఉంది. ఛానళ్ళకూ వాటిని మన ఇంటికి తెచ్చే కంపెనీలకూ మధ్య ఏర్పాట్ల మీద ట్రాయ్ 2017లో తెచ్చిన ఇంటర్‌కనెక్షన్ నిబంధనల ప్రకారం కేబుల్ కంపెనీ గానీ డిష్ కంపెనీ గానీ ఒక ఛానలుకు ఒక నంబరు ఇచ్చాక కనీసం ఏడాదిపాటు దాన్ని మార్చకూడదు. ఒకే భాష ఛానళ్ళు, ఒకే కోవ ఛానళ్ళు ఒకచోట ఉండాలన్న నియమం కూడా ఉంది. చూసేవాడు అలవాటు మీద చూస్తాడని, ఆ అలవాటుకు విలువ ఉందని రాసినవాళ్ళు గుర్తించారన్నమాట.

స్మార్ట్ టీవీ తెరకు ఇలాంటి రక్షణ ఏదీ లేదు. ఒక రాత్రి అప్‌డేట్ వస్తుంది, తెల్లారేసరికి యూట్యూబ్ బొమ్మ ఉన్నచోట ఏదో కొత్త సినిమా పోస్టరు ఉంటుంది. ఆ స్థలం అమ్ముడుపోయే స్థలం. టీవీ మనం డబ్బు పెట్టి కొన్నదే, మన గోడకే ఉంది, కానీ ఆన్ చేయగానే ముందు ఏం కనబడాలో మనం నిర్ణయించడం లేదు. టీవీలు తయారుచేసేవాళ్ళకు కూడా ఈ విషయంలో పెద్దగా చెల్లుబాటు ఉండేది కాదు. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌లన్నీ కట్టగా తీసుకోవాల్సిందేనన్న ఒప్పందాల మీద, కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపింది. 2025 ఏప్రిల్లో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు కట్టి సెటిల్ చేసుకుంది, ఇకమీదట ప్లే స్టోర్‌ను విడిగా ఇస్తామని ఒప్పుకుంది. మంచిదే. అయితే అది కంపెనీకీ కంపెనీకీ మధ్య తేలిన లెక్క. తణుకు దగ్గర పల్లెలో రిమోటు పట్టుకున్న మనిషికి తెర మీద ఏ బొమ్మ ఎక్కడుండాలో అడిగే హక్కు దాంతో రాలేదు.

ఇక ఓటీపీ. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

ఒక సాయంత్రం మా ఇంటి టీవీలో ఒక యాప్ ఏ కారణం చెప్పకుండా లాగౌట్ అయిపోయింది. చందా కట్టింది నేను, నంబరు నాది. అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, ఏవో అంకెలు అడుగుతోంది. నీ ఫోనుకు వచ్చాయట, చెప్పు." నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను, ఫోను సైలెంట్‌లో ఉంది. బయటికొచ్చి చూసేసరికి ఆ అంకెల గడువు అయిపోయింది. మళ్ళీ పంపమనాలంటే ఏ బొత్తం నొక్కాలో నేను ఇక్కణ్ణుంచి చెప్పాలి, ఆవిడ తెర మీద ఉన్నది చదివి చెప్పాలి. ఉన్నది ఇంగ్లీషులో. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. రెండోసారి వచ్చిన అంకెలు నేను చెప్తుంటే అమ్మ బాణం గుర్తులతో తెర మీది అంకెల పలక మీద తిప్పుకుంటూ నొక్కింది. నాలుగో అంకె దగ్గర చెయ్యి జారి ఒక గడి పక్కకు పోయింది. తుడిచి మళ్ళీ మొదలుపెట్టేలోపు ఆ అంకెలకూ గడువు తీరింది. అంతట్లో అమ్మ, "పోనీలేవే, నీ పని చూసుకో" అని పెట్టేసింది.

ఆ "పోనీలే" నాకు ఇప్పటికీ మింగుడుపడదు. యాభై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషి తన ఇంట్లో, తన టీవీ చూసుకోవడానికి కూతురి వీలు కోసం ఎదురుచూసి, కూతుర్ని ఇబ్బంది పెట్టానేమోనని తనే తగ్గింది. కేబుల్ బాక్సు ఏనాడూ ఆవిణ్ణి నువ్వెవరని అడగలేదు. డబ్బు కట్టారా లేదా, అదొక్కటే దానికి కావాలి.

లోపం ఒక్క యాప్‌లో లేదు, అన్నిటి కట్టుబడీ ఇంతే. ఫోను అంటే ఒక మనిషి అనుకుని కట్టిన పద్ధతిని తెచ్చి నలుగురు కూర్చుని చూసే టీవీకి తగిలించారు. చవక ప్లాన్లు చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయల మొబైల్ ప్లాను టీవీలో పనిచేయదు. వేరే కంపెనీల మొబైల్ ప్లాన్లూ అంతే. ఒంటరిగా ఫోనులో చూసుకుంటే తక్కువ, ఇంటిల్లిపాదీ కలిసి చూస్తే ఎక్కువ. ఒకే తెర ముందు ఆరుగురు కూర్చుంటే కంపెనీకి పెరిగే ఖర్చేమీ లేదు, బొమ్మ కాస్త పెద్దది కావాలి, అంతే.

దానికితోడు, ఇల్లు అంటే ఏమిటో కూడా వాళ్ళే చెప్తున్నారు. 2023 జూలై నుంచి నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ఒక అకౌంటు ఒకే ఇంటివాళ్ళకని గట్టిగా అమలు చేస్తోంది. ఆ ఇల్లు ఏదన్నది టీవీ ఏ నెట్ కనెక్షన్ మీద ఉందో దాన్నిబట్టి తేలుతుంది. అంటే హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకూ పల్లెలో ఉన్న తల్లిదండ్రులూ రెండు ఇళ్ళు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. అమెరికాలో కంపెనీకి ఆ లెక్క సబబుగానే ఉండొచ్చు. మన దగ్గర కొడుకు నెలనెలా కరెంటు బిల్లు కడతాడు, మందులు పంపిస్తాడు, గ్యాసు బుక్ చేస్తాడు, ఊళ్ళో ఇల్లు తన ఇల్లు కాదని ఏ నాడూ అనుకోడు. రేషన్ కార్డులో పేరు వేరైనా, పొయ్యి వేరైనా, ఆ ఇల్లు ఈ ఇల్లు ఒకటే అనుకునేవాళ్ళం మనం.

"పెద్దవాళ్ళు కూడా నేర్చుకోవాలి కదా" అంటారు. నేర్చుకుంటారు. కావలసింది దొరికితే మన కన్నా వేగంగా నేర్చుకుంటారు. మా నాన్నే సాక్ష్యం. కుర్రతనంలో తిరునాళ్ళకు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు చూసినవాడాయన. ఆ పద్యాలు టీవీలో రావడం ఎప్పుడో మానేశాయి. యూట్యూబ్‌లో అవి ఉన్నాయని మొదటిసారి చూపించినప్పుడు ఆయన మాట్లాడలేదు, హార్మోనియం శ్రుతి వినబడగానే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. రాగం ఎత్తుకున్న చోట చెయ్యి పైకి లేచింది. ఇప్పుడు మైకు బొత్తం నొక్కి పాత నటుల పేర్లు చెప్పి తనే వెతుక్కుంటారు. ఒక్కోసారి అది ఏదో సంబంధం లేనిది తెచ్చి పెడుతుంది, విసుక్కుని మళ్ళీ చెప్తారు. అమ్మకు అన్నమయ్య కీర్తనలు, పొద్దున్నే సుప్రభాతం. న్యూస్ ఛానళ్ళు కూడా యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి, చందా లేదు, లాగిన్ అడగదు.

యూట్యూబ్ మన పల్లెల్లో అంత తేలిగ్గా కలిసిపోవడానికి కారణం అక్కడే ఉంది. ప్రకటనలు చంపేస్తాయి, నిజమే. కానీ నువ్వెవరని అడగకుండా లోపలికి రానిస్తుంది. పెద్దవాళ్ళకు చేతకాదనేవాళ్ళు ఇది గమనించాలి. అదే రిమోటు, అదే మనుషులు. ఒకచోట హాయిగా తిరుగుతున్నారు, ఇంకోచోట గుమ్మంలోనే ఆగిపోతున్నారు.

సరే, నెట్ పెట్టించాలనుకున్నారు. దీని మీద నా అనుభవం కొంత ఉంది కాబట్టి చెప్తాను. కనెక్షన్ వేగం గురించి అందరూ అవసరానికి మించి ఆలోచిస్తారు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారమే ఫుల్ హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ చాలు, 4కేకు 15. ముప్పయ్యో నలభయ్యో ఎంబీపీఎస్ ఇచ్చే చిన్న ప్లాను ఇద్దరున్న ఇంటికి ధారాళం. అయినా బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే తప్పు చాలాసార్లు ప్లానులో ఉండదు, వీధి గదిలో పెట్టిన రౌటరుకీ హాల్లోని టీవీకీ మధ్యనున్న గోడలో ఉంటుంది. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేగమైనది గానీ గోడలు దాటలేదు, 2.4 దాటుతుంది గానీ నెమ్మది. మా ఊరి పాత మండువా ఇళ్ళలో గోడలు మూరెడు మందం. ఫైబర్ వేసే కుర్రాళ్ళు తీగ ఎక్కడ లోపలికొస్తే అక్కడే బాక్సు బిగించి పోతారు. వాళ్ళు నిచ్చెన దింపకముందే పక్కన నిలబడి, రౌటరు టీవీ దగ్గరే పెట్టించుకోండి. అక్కణ్ణుంచి టీవీకి చిన్న ల్యాన్ తీగ గుచ్చేస్తే వైఫై పాస్‌వర్డ్ మరచిపోయిన బాధ కూడా ఉండదు. కరెంటు పోతే రౌటరూ పోతుంది కాబట్టి దానికో చిన్న యూపీఎస్ కొనండి. మామూలు టీవీకి యాప్‌లు తెచ్చిపెట్టే బాక్సుల్లో కంపెనీ పేరు లేని చవకవి మాత్రం వద్దు, సర్టిఫికెట్ లేనివాటిలో చాలా యాప్‌లు బొమ్మను మసకగానే ఇస్తాయి.

ఇన్ని చేసినా తీగ తెగినప్పుడు ఏంటన్నది అసలు ప్రశ్న. మా వైపు ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా పోతుంది. కోతలయ్యాక వరిగడ్డి ట్రాక్టర్లు ఎత్తుగా కట్టుకుని రోడ్డెక్కితే తీగలు తెగడం మామూలు. మా ఊళ్ళో కేబుల్ నడిపే అతనే ఇప్పుడు ఫైబర్ కూడా ఇస్తున్నాడు. ఒకసారి నేను ఊళ్ళో ఉండగానే తెగింది. బాక్సు మీద ఎర్ర లైటు చూసి నాన్న ఫోన్ చేశారు. "వస్తున్నా బాబాయిగారూ, ఆ వీధంతా పోయింది" అన్నాడు. చీకటి పడుతుంటే రావిచెట్టు కింద మోటారుసైకిల్ సీటు మీద స్ప్లైసింగ్ మెషిన్ పెట్టుకుని కూర్చున్నాడు. తీగ తొడుగు వలిచి, వెంట్రుక లాంటి గాజుపోగును స్పిరిట్‌తో తుడిచి, కొస కోసి మెషిన్లో పెట్టాడు. దాని చిన్న తెర మీద రెండు గీతలు ఎదురెదురుగా కనబడ్డాయి, చిటుక్కున మెరిసి ఒకటైపోయాయి. పైన సన్నటి గొట్టం తొడిగి వేడి చేశాడు. సీరియల్ టైముకు వీధి వీధంతా టీవీలు మోగాయి.

హైదరాబాదులో నా ఫ్లాటులో ఒక పెద్ద కంపెనీ కనెక్షన్ ఉంది. నెట్ పోతే యాప్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఫిర్యాదు పరిష్కరించామని మెసేజ్ వచ్చింది గానీ నెట్ రాలేదు, మాట్లాడదామంటే మనిషి దొరకలేదు. నాకది చికాకు. పెద్దవాళ్ళకైతే అక్కడితో టీవీ ఆగిపోయినట్టే. కేబుల్ తీయించెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళు పిలిస్తే పలికే ఈ మనిషిని కూడా తీయించేస్తున్నారు.

నెట్ మీద వచ్చే టీవీకి నంబర్లూ లోకల్ మనిషీ ఉండడం కుదరదా అంటే, కుదురుతుందని మన రాష్ట్రమే చేసి చూపించింది. 2016 ఆఖర్లో కోనసీమలోని మోరి గ్రామంలో ఫైబర్ కనెక్షన్లు ఇచ్చారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్‌ను అమరావతిలో ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే బాక్సులో. ఆ టీవీ వచ్చేది నెట్ తీగలోనే, కానీ రిమోటు మీద నంబరు నొక్కితే ఛానలు వస్తుంది, ఓటీపీ లేదు. ఇంటికి తీగ తెచ్చేది ఊరి కేబుల్ ఆపరేటరే. ఆ తర్వాత ఆ సంస్థ చుట్టూ నడిచిన రాజకీయం వేరే కథ, అందులోకి నేను పోను. ఆ ఏర్పాటు వెనకున్న ఆలోచన మాత్రం సరైనది. ఇప్పుడు బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్ కూడా ఫైబర్ మీద ఛానళ్ళిచ్చే పద్ధతికి (దీన్నే ఐపీటీవీ అంటారు) వచ్చాయి, ఎయిర్‌టెల్ 2025 మార్చిలో ఐపీటీవీ మొదలుపెట్టింది. తెలంగాణలో 2024 డిసెంబరులో ప్రభుత్వ ఫైబర్ పథకం టీ-ఫైబర్‌ను సంగుపేట, హాజిపల్లి, మద్దూరు, అడవి శ్రీరాంపూర్ గ్రామాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, ఇంటి టీవీనే కంప్యూటరుగా వాడుకోవచ్చన్నారు. నాకు నచ్చిన ఆలోచన. అది ఎవరి లాగిన్‌తో తెరుచుకుంటుందన్నదే నేను ముందు అడిగే ప్రశ్న.

అందుకే నేను కోరేది అసాధ్యమైనదేమీ కాదు. ఐపీటీవీ కనెక్షన్ ట్రాయ్ నిబంధనల కిందికి వస్తుంది, నంబరుకు రక్షణ ఉంటుంది, కస్టమర్ కేర్ ఫోను నంబరు ఉండి తీరాలి. అవే ఛానళ్ళు యాప్‌లోకి వెళ్ళేసరికి ఆ రక్షణలేవీ వెంట రావు. ఓటీటీలనే ఈ యాప్‌లకు 2021 ఐటీ రూల్స్ ఉన్నాయి గానీ అవి ఎక్కువగా ఏం చూపించొచ్చు, ఏ వయసువాళ్ళకు అన్న దాని గురించే. ఓటీపీల మాట, లాగౌట్ల మాట అందులో లేదు. డబ్బు కట్టిన చందా ఉన్నంతకాలం టీవీని లాగౌట్ చేయకూడదన్న నియమం రావాలి. ఓటీపీ తప్పదంటే ఆ ఇంట్లో ఉండే ఇంకో నంబరుకు కూడా పంపాలి. లాగిన్ తెర తెలుగులో ఉండాలి, తెలుగు సీరియళ్ళు అమ్మి చందాలు తీసుకుంటున్నప్పుడు ఆ మాత్రం అడగడం తప్పు కాదు. తల్లిదండ్రుల టీవీని ఇంటి టీవీగానే లెక్కపెట్టాలి. ట్రాయ్ ఏ విషయం మీదైనా నిర్ణయానికి ముందు చర్చాపత్రం పెట్టి జనాన్ని అభిప్రాయాలు పంపమంటుంది, ఎవరైనా మెయిల్ చేయొచ్చు. వాటికి కంపెనీలు పేజీలకు పేజీలు రాస్తాయి. టీవీ చూసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు కూడా రాయాలి. ఈసారి ఇలాంటి పత్రం వచ్చినప్పుడు నేను రాస్తాను.

అప్పటిదాకా మా ఇంట్లో రెండూ ఉంటాయి. కేబుల్‌కీ ఫైబర్‌కీ కలిపి నెలకు ఏడెనిమిది వందలవుతుంది, ఒకటి దండగని అన్నయ్య అంటాడు. యాప్‌లలో రెండిటికి నంబరు మార్చి అమ్మ ఫోనుకే ఓటీపీ వచ్చేలా చేశాను, మూడోది మార్చనివ్వడం లేదు. మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.